వంగిన రాళ్ల వరుస

మాది అమరచింత దగ్గర ఒక పల్లె. ఇంటిల్లిపాది బండ కొట్టే పనే. హిమాలయాల్ల రోడ్డు పని ఉందంటే, బిడ్డను మా అమ్మ కాడ విడిచి మొగుడూపెండ్లాలం ఇద్దరం పోయినం. చలి ముదరకముందే మర్లొస్తం అనుకున్నం.

ఆ ఏడు మంచు ముందే పడ్డది. కూలీలందరు లారీల దిగిపోయిండ్రు. సామాన్ల కాపలాకు మమ్మల్ని ఉండుమన్నరు. తెల్లారేసరికి పైన కనుమ మూసుకపోయింది, కింద కొండ విరిగి రోడ్డు మీద పడ్డది. రేకుల షెడ్డుల మేమిద్దరం, మంచును కొలిచే ఒక పెద్దసారు మిగిలినం. ఫోన్లకు సిగ్నల్ లేదు. పిండి, పప్పు ఉన్నయి గాని ఎన్ని దినాలకు సరిపోవాల్నో తెల్వదు.

షెడ్డు ముంగటనే హిమానీనదం. నాకైతే మురికిపట్టిన గుట్ట లెక్కనే కనపడ్డది. కాని అక్కడి రాళ్లు నన్ను పరేషాన్ చేసినయి. నల్లబండ మీద వేరే జాతి తెల్లగుండు కూసోనుంది. మా దిక్కు గుండ్లు పుట్టిన కాడనే ఉంటయి.

"సార్, దీన్ని ఎవరు తెచ్చి పెట్టిండ్రు?" అని నాకొచ్చిన హిందీల అడిగిన.

"ఆ మంచే తెచ్చిందమ్మా," అన్నడు. పడిన మంచు కరగకుంట ఏండ్లకేండ్లు పొర మీద పొర పేరుకుంటదంట. పై బరువుకు కిందిది గట్టి గడ్డయి, దాని బరువుకు అదే కిందికి జారుతదంట. పోతుంటే రాళ్లను కడుపుల పెట్టుకొని కొండను గీకుతది. బండ మీద ఆ గీతలు చూపెట్టిండు. అన్నీ ఒక్క దిక్కే, ఉలితోని గీసినట్టు. లోయ కూడా అట్ల గీకి గీకి తొట్టి లెక్క వెడల్పయిందంట.

మునుపటేడు సారు ఆ గడ్డ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాక ఎర్రరంగు రాళ్లు తిన్నగ పేర్చిండంట. గాలికి కొత్తమంచు లేచిపోయిన కాడ చూస్తే, ఇప్పుడా వరుస విల్లు లెక్క వంగింది. అంచులు కొండకు ఒరుసుకొని ఆగుతయి, నడుమ జల్ది పోతది. కండ్లతో చూస్తే కదిలినట్టే ఉండదు. గంత గడ్డ కూడా నడుస్తుంటే, మేం మాత్రం నాలుగు రేకుల నడుమ పడి ఉన్నం.

ఎనిమిదో దినం మా ఆయన లేచి చెప్పులు విసిరికొట్టిండు. "ఇగ నాతోని కాదు. మంచు మీదికెల్లి దాటి అవతలి ఊరికి పోత."

"పోవద్దు," అన్నడు సారు. "జారే మంచు పగులుతది. ఆ పగుళ్ల మీద కొత్తమంచు కప్పుకుంది. కనపడయి."

నేను కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. సరేనన్నడు. నేను రొట్టెలు చేసి చూసేసరికి బూట్లు లేవు, మనిషి లేడు.

అడుగుల జాడ పట్టుకొని, తాడు, ఇనుపగుంజ, సుత్తె తీసుకొని సారూ నేనూ ఉరికినం. మా ఆయన సంకల దాక మంచుల దిగబడి, రెండు చేతులు పరిచి ఉన్నడు.

"కాళ్ల కింద ఏం లేదే," అన్నడు. 

"కదలకు! ఊపిరి మెల్లగ తీయి!" అని సారు ఒర్రిండు.

గట్టి మంచు ఏడుందో సారు పొడిచి చూసి చెప్పిండు. అక్కడ నేను బండల దిగ్గొట్టినట్టే గుంజ దిగ్గొట్టి తాడు ముడేసిన. సారు బోర్ల పండుకొని పాకి, తాడు మా ఆయన సంకల కింద తోసిండు. గుంజినం. బయటపడేసరికి ఒక బూటు లోపల్నే పోయింది.

 ఆ తరువాత ఆయన గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. నేను మంచుకు కమిలిన ఆయన కాలు ఒళ్లె పెట్టుకొని గుడ్డలు చుట్టుకుంట కూసుంటి. పిండి సగం చేసి, ఒక్కపూటనే తిన్నం. పన్నెండో దినం కింది నుంచి రోడ్డు మీది మన్ను తీసే మిషన్ సప్పుడు ఇనపడితే ముగ్గురం ఏడ్సినం.

దవాఖానల రెండు కాలివేళ్లు తీసేసిండ్రు. ఇప్పుడు గద్వాలల కూసోని రాళ్లు చెక్కుతడు, మంచిగనే ఉన్నడు. ఇంట్ల తలుపు మాత్రం మూయనియ్యడు. వాన జల్లు లోపలికి కొట్టినా నేనేమనను. చాప జర అవతలికి జరుపుకుంట.