చెల్లెలి దస్తూరి

మొన్న మా మండలంలోని బడికి వెళ్లాను. రిటైరైనా బడి నన్ను వదలదు, ఏదో వంక పెట్టుకుని పోతుంటాను. వినపడని పిల్లలకు చదువు చెప్పడానికి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఒక ఏడేళ్ల పిల్ల చేతికి ఎండు మిరపకాయ ఇచ్చింది. ఆ పిల్ల వాసన చూసి తుమ్మింది. ఇద్దరూ ఆ కారం గురించి చేతులతో ఏవేవో చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాతే టీచరమ్మ పలక మీద 'మిరపకాయ' అని రాసింది. ఇంకాసేపటికి 'చీపురు' అని రాసి చూపిస్తే, ఆ పిల్ల పరుగున వెళ్లి మూలనున్న చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం మా చెల్లెలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

చెల్లెలు నాకన్నా పద్నాలుగేళ్లు చిన్నది. పుట్టుకతోనే వినపడదు. అయినా ఇంట్లో దానికి కబుర్లకు కొదవ లేదు, అన్నీ చేతులతోనే. అమ్మ మిరపకోతలకు వెళ్తూ తలకు గుడ్డ కట్టుకునేది కనుక, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి ముడి వేసినట్టు చూపిస్తే అమ్మ. మూతి ముడిచి చూపుడువేలు ఆడిస్తే నేను. అందులో అబద్ధమేమీ లేదు. గుంటూరులో ఒక డాక్టరు గారు, "సైగలు మాన్పించండమ్మా. చేతులాడినంత కాలం నోరు రాదు" అన్నారు. అప్పుడే టీచరు ట్రైనింగు ముగించిన నాకు అది వేదవాక్కు. సైగ చేసినప్పుడల్లా స్కేలుతో ఆ చేతుల మీద ఒకటి వేసేదాన్ని. ఏడాది తిరిగేసరికి చేతులు ఆగిపోయాయి. నోరు మాత్రం రాలేదు.

మాట రాకపోతేనేం, చదువు నేర్పిస్తానని పంతం పట్టాను. ఏది రాసిచ్చినా కింద అచ్చు గుద్దినట్టు దించేది. నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టేదాన్ని. ఆ టిక్కు కోసం పేజీలకు పేజీలు నింపేది. కొన్నేళ్లకు మా చర్చి ముందు బోర్డు మీద ఆదివారం వాక్యం రాసే పని దానిదే అయింది. పాస్టరు గారు చీటీ ఇస్తే, సుద్దముక్కతో ముత్యాలు పేర్చేది. "మాటొక్కటే తక్కువ గానీ, చదువులో అక్కను మించిపోయిందండీ!" అనేవారాయన. పత్తి లారీల డ్రైవర్లు కూడా ఆగి చదువుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని. అందులో ఒక్క ముక్కయినా దానికి అర్థమవుతోందా అని ఎవరమూ అడగలేదు. అడగడానికి దానికీ మాకూ మధ్య భాషేదీ మిగల్లేదు.

కరోనా రోజుల్లో అమ్మను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. మళ్లీ తీసుకురాలేదు. నన్ను కూడా దూరంగా నిలబెట్టి అక్కడే మట్టి చేశారు. ఇంటికొచ్చేసరికి చెల్లెలు గుమ్మంలో ఉంది. నా వెనక చూసింది. ఆటోలోకి తొంగి చూసింది. ఎన్నో ఏళ్ల తర్వాత, నా వంక భయంభయంగా చూస్తూ, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి ముడి వేసింది. ఏ సైగతో చెప్పను? అన్నీ మాన్పించింది నేనే కదా. నోటుబుక్కు తెచ్చి 'అమ్మ చనిపోయింది' అని రాశాను. అది శ్రద్ధగా చూసింది. పెన్ను తీసుకుని కింద అదే రాసింది. దాని కింద మళ్లీ. ఒక్క సున్నా, ఒక్క ఒత్తు తప్పకుండా, పేజీ చివరిదాకా. తర్వాత ఎర్ర పెన్ను వెతికి తెచ్చి నా చేతిలో పెట్టి, టిక్కు కోసం ఎదురుచూసింది.

పెట్టాను. ఏం చేయను?

మొన్న బడి నుంచి వచ్చేసరికి చెల్లెలు పంచలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. దానికీ జుట్టు నెరిసింది. ఎదురుగా కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని, నా చేతులు తల వెనక్కి పెట్టి, జన్మలో మొదటిసారి, ముడి వేశాను.

దాని చేతిలో కాయ జారిపడింది. ముఖమంతా విప్పారింది. లేచి, చీర దులుపుకుని, గబగబా గేటు దగ్గరికి వెళ్లి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. అమ్మ అనడానికే నాకు నలభై ఏళ్లు పట్టింది. ఇక రాదని చెప్పడం నేను నేర్చుకునేదాకా అది ఆ గేటు దగ్గరే ఉంటుంది.