దేవుడు పంపిన గుమ్మం

"నీ దేవుడు నిన్న సెలవు పెట్టాడా పిన్నీ?" లాండ్రీలో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ కుడిచెయ్యి, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిరి ప్రెస్సు కింద పడి కాలిన మర్నాడు తోటి పనామె అడిగిన మాట ఇది. "మరి చెయ్యి బయటికి లాగిందెవరనుకున్నావే?" అంది పిన్ని. ఇప్పటికీ పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంది. వేళ్ళకు స్పర్శ పోయింది గనుక ఇస్త్రీపెట్టెను చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకుంటుంది. దేవుడి మీద ఆమెకున్న నమ్మకంతో ఎవరికీ పేచీ అక్కర్లేదు. దాన్ని వాడుకునే యజమానిని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ప్రెస్సు మూత జారుతోందని ఆమె ముందే మొత్తుకున్నా అతను బాగు చేయించలేదు. ఆస్పత్రి ఖర్చు అడిగితే, "దేవుడున్నాడుగా పిన్నీ, ఆయనే దారి చూపిస్తాడు" అన్నాడు. "చూపించాడు బాబూ, నీ దగ్గరికే పంపాడు" అని పిన్ని అతని గది గుమ్మంలో చతికిలబడింది. రోజూ పని ముగిశాక అక్కడే కూర్చుంటోంది. ఆస్పత్రి ఖర్చులో అతను ఇంతవరకు పైసా ఇవ్వలేదు.