మేకుతో గీసిన ఇరవై నాలుగు పలకలు

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరులో నా టైలరింగ్ షాపు తెరుస్తున్నాను. ముందు ఏడుపు రాలేదు. మా బడి నడిపే కరస్పాండెంటు గుర్తొచ్చాడు. మాస్టారి గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. రాస్తాను. ఆయన్ని బడి నుంచి వెళ్లగొట్టినవాణ్ణి వదిలేసి రాయడం మాత్రం నా వల్ల కాదు.

మార్కాపురంలో మేం చదివిన ప్రైవేటు బడిలో ఆయనకు వారానికి రెండే పీరియడ్లు. పలకల ఫ్యాక్టరీకి సరుకు చూడ్డానికొచ్చిన జపాన్ ఆయనెవరో వదిలి వెళ్లిన బొమ్మల కథ పుస్తకం ఒకటి మాస్టారి చేతికొచ్చింది. అందులో ఒక్క అక్షరం తెలియదు. బొమ్మల్ని బట్టి కథ అల్లుకుని, అంచులు విరిగిన పలకలు తెచ్చి, పలకకొక బొమ్మ సుద్దతో గీసేవారు. ఒకరు చూసి పక్కవాళ్లకు అందించాలి. నేను లాక్కోబోతే, "తొందరేంది పాపా, బొమ్మ యాడికీ పోదు" అనేవారు.

మొదటి పలకలో ఒక కుర్రాడు ముసలి దొర మెడ మీదికి కత్తి ఎత్తి ఉంటాడు. పోనుపోను కత్తి ఒరలోకి వెళ్తుంది, కుర్రాడు చిన్నవాడవుతాడు, ఆ దొర చేతిలో చచ్చిన తండ్రి లేచి కూర్చుంటాడు. చివరి పలకలో తండ్రీ కొడుకూ ఒకే గిన్నెలో అన్నం తింటుంటారు. "పగ ఇట్ల చల్లారాల" అనేవారు మాస్టారు.

ఇవి దెయ్యాల బొమ్మలని ఎవరి తండ్రో ఫిర్యాదు చేశాడు. కరస్పాండెంటు ప్రేయర్లో అందరి ముందూ నీళ్ల బకెట్టు పెట్టించి, ఇరవై నాలుగు పలకలూ మాస్టారి చేతే తుడిపించాడు. ఆయన మూలలు కూడా వదలకుండా తుడిచారు. ఆ తర్వాత, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ తడి చేతులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాస్టారు ఆ పలకలు ఇంటికి తీసుకెళ్లి బొమ్మలన్నీ మళ్లీ గీశారు, ఈసారి మేకుతో.

జపాన్ పుస్తకాలు కుడివైపు నుంచి తెరవాలని పెద్దయ్యాక ఫోన్లో చూసి తెలుసుకున్నాను. అంటే మాస్టారు మాకు కథ చివరి నుంచి చెప్పారు. వెళ్లి చెబితే నవ్వారు. "అట్లనా? తప్పు చదివినా పాపా. అయినా మన పిల్లోళ్లకు ఇట్లనే ఉండనీ." ఆ మంచితనం నాకు అబ్బలేదు.

పెద్దకర్మ రోజు కరస్పాండెంటు దండ పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు అతని బడి పిల్లలకు జపాన్ కార్టూన్లంటే ప్రాణం.

"ఆ పలకలు బడికి ఇయ్యమ్మా, అద్దాల బీరువాలో పెట్టిస్తా. సార్‌ను పైకి తెచ్చింది మేమే గదా" అన్నాడు మాస్టారి భార్యతో.

ఆమె నా వైపు చూసింది. నేను కుర్చీ వేశాను. "ముందు కూర్చోని చూడండి సార్."

అన్నం గిన్నె పలకతో మొదలుపెట్టి, జపాన్ వరుసలో ఒక్కొక్కటే చేతికిచ్చాను. తండ్రి చచ్చిపోయాడు. కుర్రాడు పెరిగాడు. ముసలి దొర మీదికి కత్తి ఎత్తాడు. కరస్పాండెంటు ఆఖరి పలక అందుకుని, వెనక్కి తిప్పి చూశాడు.

"తర్వాత ఏమైంది?"

"అంతే సార్. ఇంక లేదు."

భోజనాలకు అందరినీ పేరు పేరునా పిలిచాను. అతన్ని పిలవలేదు. షామియానా కింద కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ముసలి దొరను ఒళ్లో పెట్టుకుని, అతనొక్కడే కూర్చుని ఉన్నాడు.