విత్తనాల పితికిపప్పు

కాణిపాకం నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ టిఫిన్ గిన్నె తెరిచి, మూతలో రాగిసంగటి పెట్టి, పైన పితికిపప్పు వేసి నాకిచ్చింది. అనపగింజల్ని నానబెట్టి, పొట్టు పితికి వండే ఆ కూర మా విజయనగరం వైపు నేనెరగను. కమ్మగా ఉంది.

"ఈ గింజలు ఎక్కడ కొన్నారమ్మా?" అని అడిగాను.

"కొనేదేంది నాయనా? మా అత్త కాలం నుంచి మా సేన్లో పండేవే. ఇవి ఇత్తనాలకని బూడిదలో కలిపి దాసినవి. కరువులో గూడా మా అత్త ఒక్క గింజ వండనీలేదు."

నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. "మరి ఇప్పుడెందుకు వండారు?"

"సేను రోడ్డుకు పొయ్యింది. ఇంక యాడ ఇత్తేది? పక్కూరోళ్లకు ఇస్తానంటే, కంపెనీ ఇత్తనం కాపెక్కువ, ఇవి మాకొద్దనిరి. పురుగు పట్టి పోతాయని నిన్న అన్నీ నానేసినా."

"నాలుగైనా మిగిలాయా? మా పెరట్లో వేస్తాను."

"నిన్న అడిగింటే ఇచ్చిందును గదా నాయనా," అంది. గిన్నెలో ఉన్న పప్పంతా నాకే వేసేసి, తాను ఒట్టి సంగటి తిన్నది.