వెండి కొలత, కొత్త మందు

మా ముత్తాత వీరభద్రరాజుగారు కొండవార పరగణాకు జమీందారు. ఆయన కుమారుడు జగపతిరాజుగారు వేటకు బయలుదేరితే దొరలు అతిథులుగా వెంట నడిచేవారు. ఆ జగపతిరాజుగారి కుమారుడు, నా బాబాయి నరసింహరాజు, అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల కంపెనీ ఇంజనీరుగా పనిచేస్తూ పోయిన నెల గుండె ఆగి కన్నుమూశారు. పిన్ని ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే నిలబడే విన్నాను. ఆయన ఎదుట కూర్చునే అలవాటు నాకు లేదు.

జమీతోపాటే మేమూ పోయామనుకునేవారు ఇది చదవాలి.

మా ఇంట ఒక నియమం ఉండేది. ఎందరు నౌకర్లున్నా, వేటకు వెళ్ళేవాడు తన తూటాల్లో మందు తానే నింపుకోవాలి. గురి తప్పితే నెపం మరొకరి మీదికి పోకూడదు. అందుకు తాతగారు వాడిన బొటనవేలంత వెండి కొలతగిన్నె బాబాయితో అమెరికా వచ్చింది. డెబ్భైల చివర ఆయన జింకల వేటకు రైఫిల్ కొని, తూటాలు ఇంట్లోనే నింపుకుంటానంటే మనవాళ్ళు నవ్వారు.

"షాపులో డబ్బాలకి డబ్బాలు దొరుకుతుంటే గ్యారేజ్‌లో ఫ్యాక్టరీ ఎందుకండీ రాజుగారూ?" అని ఒక విందులో మిత్రుడొకాయన అడిగాడు.

"మీరు కొన్న తూటా ఎవరు నింపారో మీకు తెలుసా?" అన్నారు బాబాయి. మిత్రుడు పులిహోర వైపు తిరిగాడు.

సామాను ఎంచుకునేందుకు వెళ్ళినప్పుడు పిన్నితోపాటు నేనూ ఉన్నాను. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడే యంత్రాన్ని షాపతను ముందు పెట్టాడు. బాబాయి వద్దన్నారు. ఒక లాగుకు ఒక్క పనే చేసే బరువైన ఇనుప ప్రెస్సును ఎంచుకున్నారు. అందులోనైతే మందు పడ్డాక ప్రతి తూటా గొట్టంలోకీ కళ్ళతో చూసుకోవచ్చు. తరువాత షాపతను మందు తూచే చిన్న త్రాసు చూపిస్తే, దాన్ని పక్కకు నెట్టి జేబులోంచి వెండి కొలత తీశారు.

పిన్ని అప్పటికే కౌంటర్ మీది మందు కొలతల పుస్తకం చదువుతోంది. "ఏవండీ, అది తాతగారి కాలపు నల్ల తుపాకీమందుకి. ఈ మందు అదే గిన్నెతో పోస్తే తుపాకీ మీ మొహం మీదే పేలుతుంది. ఇదిగో, చదువుకోండి."

ఆయన ఆ పేజీ నిలబడే చదివారు. ఆ గిన్నె జేబులోకి తిరిగి వెళితే తాతగారిది తప్పని ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఆయన మాత్రం గిన్నెను జేబులో వేసుకుని త్రాసును దగ్గరికి లాక్కున్నారు.

"తాతగారిది తప్పు కాదురా. మందు మారింది. మారాక కూడా తూచుకోకపోతే అప్పుడు తప్పు మనది."

ఆ త్రాసు మీద తూచి ఆయన నింపిన తూటా ఏదీ ఏనాడూ మోసం చేయలేదు. వెండి గిన్నెను అద్దాల బీరువాలో పెడదామని ఒకసారి నేనంటే తలెత్తకుండానే జవాబిచ్చారు. "పని లేని వస్తువుని పదిమందికీ చూపించుకునేది పడిపోయినవాళ్ళు. మనం పడలేదు."

అటువంటి మనిషి మా వంశంలో ఇక లేరు. నేనున్నాను గాని, నేను ఆయనను కాను. ప్రెస్సూ త్రాసూ ఇప్పుడు నా గ్యారేజ్‌లో ఉన్నాయి. ఈ శరదృతువు వేటకు నా తూటాలు నేనే నింపుకుంటాను.

వెండి కొలతను పిన్ని పోయిన శనివారం అమ్మేసింది.