మా అత్తమ్మ చదివి చెప్పిన మూగ సినిమా

మా అత్తమ్మకు చెవులు వినిపించక పన్నెండేళ్లయింది. మా ఆయన రాయచూరులోనే మంచి డాక్టరుకు చూపించి చెవి మిషను కొనిచ్చాడు. అది చెవిలో కుక్కర్‌లా కూస్తోందని ఆమె దాన్ని డబ్బాతో సహా బీరువాలో పెట్టేసింది. చెవుల పని కళ్లకు అప్పగించింది. ఎదుటివాళ్ల పెదవులు కదిలే తీరు చూసి మాట పట్టేస్తుంది. వీధికి అవతల ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే, మా వరండాలో కూర్చుని వాళ్ల ఇంటి సంగతులన్నీ నాకు చెప్తుంది. వంటింట్లో గొణుక్కోవాలంటే నేను గోడవైపు తిరగడం అందుకే అలవాటు చేసుకున్నాను.

నేను ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. రెండేళ్ల కిందట, సినిమా ఎలా చూడాలో నేర్పే ఆన్‌లైన్ క్లాసులో చేరాను. ఒక పాత మూకీ సినిమా చూసి రెండు పేజీలు రాయమన్నారు. పరాయి దేశాల్లో మంత్రగత్తెలని పేరుపెట్టి ఆడవాళ్లను ఏం చేశారో చెప్పే సినిమా. మాటలుండవు. మధ్యమధ్య తెర మీద అక్షరాలు వచ్చి పోతుంటాయి. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఫోన్ టీవీకి కలిపి, పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మామూలుగా ఆమె టీవీ చూడదు. సీరియళ్లలో మనుషులు ముఖాలు తిప్పుకుని మాట్లాడతారని ఆమెకు కోపం. ఇందులో అందరూ మన వైపే చూస్తూ, నోరు పెద్దగా తెరిచి, చేతులు ఊపుతూ మాట్లాడుతున్నారు. ఐదు నిమిషాల్లో ఆమె నడుం నిటారుగా అయింది.

“నడుమ నడుమ అక్షరాలొస్తున్నయి, సౌండ్ తీసేసినవా?” అని అడిగింది.

“లేదు అత్తమ్మా, దీంట్లో మాటలే లేవు,” అన్నాను ఆమె వైపు తిరిగి.

“మాటలు లేకేం. మస్తు మాట్లాడుతున్నరు. నీకే ఇనొస్తలేదు.”

తెర మీద కట్టెలు అమ్ముకునే ఒక ముసలామె, ఒక ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇంటామె వేలు చూపిస్తూ అరుస్తోంది. తన బిడ్డకు జబ్బు చేసింది నీ చూపు వల్లేనని ఆమె నింద వేస్తున్నట్టు అక్షరాల్లో ఉంది. నేను రాసుకుంటున్నాను.

“పప్పుల ఉప్పు లేదంట,” అంది అత్తమ్మ. “ఉప్పు గీ ముసలామె ఎత్కపోయిందంట.”

“కాదత్తమ్మా. బిడ్డకు జబ్బు చేసిందని రాశారు.”

“రాసినోడు ఏడనో కూసోని రాసిండు. నేను నోరు సూసి చెప్తున్న.”

అప్పుడే ఎదురింటామె మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. కన్నడ మనిషి, జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది, తెలుగు కూడా బాగా వచ్చు. అత్తమ్మను అజ్జి అంటుంది, అవ్వ అని. గిన్నె కింద పెట్టి తనూ కూర్చుంది. అక్షరాలు వచ్చినప్పుడల్లా నేను ఆమెకు కన్నడంలో చెప్పాను. పెదవులు కదిలినప్పుడల్లా అత్తమ్మ తెలుగులో చెప్పింది. ఎదురింటామె రెండూ విని, కాసేపటికి నా వైపు చూడడం మానేసింది. ఎందుకని అడిగితే, “నువ్వు చెప్పేది పుస్తకం లెక్క ఉందమ్మా. అజ్జి చెప్పేది జరిగినట్టు ఉంది,” అంది. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెప్పి బతుకుతున్న మనిషిని. బాధ వేసింది.

కొమ్ముల దయ్యం వచ్చింది. నాలుక బయటపెట్టి ఏదో అంటోంది. అత్తమ్మ కళ్లు చిట్లించి చూసి, చేయి ఊపేసింది.

“వీడు కన్నడం మాట్లాడుతున్నడు. నువ్వే చెప్పు,” అంది ఎదురింటామెతో.

ఎదురింటామె ముందుకు వంగి శ్రద్ధగా చూసింది. “ఊటా ఆయ్తా అంతానె,” అంది. భోజనమైందా అని అడుగుతున్నాడట. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

తర్వాత ముసలామెను పట్టుకుపోయి ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబెట్టారు. నేరం ఒప్పుకోమంటారు వాళ్లు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. మళ్లీ అడుగుతారు, మళ్లీ ఊపుతుంది.

“పిచ్చిది,” అంది అత్తమ్మ. “చేసిన, తీస్త అంటే అయిపాయె. నేను గట్లనే అన్న.”

నేను సినిమా ఆపాను. నాకు పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఈ సంగతి నేను ఎన్నడూ వినలేదు.

ఆమె కొత్త కోడలిగా గిల్లేసూగూరు దగ్గరి ఒక పల్లెకు వచ్చిన మొదటి నెలలో, పక్కింటి బర్రె పొద్దున పూట పాలివ్వడం మానేసిందట. అంతకుముందే గోడ మీంచి చూసి “బర్రె ఎంత మంచిగున్నది” అని అత్తమ్మ అన్నది. ఇంకేం, కొత్త కోడలు బాణామతి, అంటే చేతబడి, చేసిందన్నారు. దాన్ని విరిచే మనిషి కవితాళ అనే ఊళ్లో ఉన్నాడు, పిలిపిద్దామనుకున్నారు. ఇంతలో ఒక రోజు కోడి కూసే వేళ అత్తమ్మ గోడ అవతలికి చూస్తే, ఆ ఇంటి ముసలత్త బర్రె కింద కూర్చుని, చెంబులోకి పిండుకుని అక్కడే తాగేస్తోంది. ఆ ఇంటి కోడలు ఆమెకు పాలు లేని చాయ్ తప్ప ఏమీ పోసేది కాదట.

“చెప్పేయకపోయారా?” అన్నాను.

“చెప్తే ముసలిదాన్ని ఇంట్ల ఉండనిస్తుండెనా? అందరు కూసున్నప్పుడు పోయి, నేనే చేసిన అన్న. తొమ్మిది దినాలు పొద్దుగాల మొదటి చెంబు పాలు మీ ఇంట్ల అందరికన్న పెద్ద ఆడమనిషికి తాపున్రి, మర్సిపోతే బాణామతి మళ్ల తిరిగొస్తది అన్న.”

బర్రె పాలిచ్చింది. తొమ్మిది రోజులయ్యాక కూడా భయపడి ఆ చెంబు ఆపలేదట. ఆ తర్వాత బావి దగ్గర అత్తమ్మతో ఎవరూ జగడం పెట్టుకోలేదు. ఎవరి కోళ్లూ మా వాకిట్లోకి రాలేదు. ఆమె సొంత అత్తగారు కూడా పని చెప్పే ముందు “నీకు తీరికైతేనే” అనడం మొదలుపెట్టింది. “ఇరవై ఏండ్లు మజాగ బతికిన,” అంది అత్తమ్మ.

“ఈ సినిమాలో ఒప్పుకుంటే కాల్చేస్తారు అత్తమ్మా,” అన్నాను.

ఆమె ఆగిపోయిన బొమ్మను కాసేపు చూసింది. “అన్ని కట్టెలు ఏడికెళ్లి తెచ్చిన్రు? మాకు రొట్టెలు కాల్చనీకె కట్టె దొరకకుండె.”

ఎదురింటామె నవ్వింది, నేనూ నవ్వాను. అత్తమ్మ నవ్వలేదు. సినిమా పెట్టమంది. చివర్లో పొగ లేచింది. పొగలో ముసలామె నోరు కదులుతోంది. “ఏమంటున్నది అజ్జీ?” అని ఎదురింటామె అడిగితే, “కనిపిస్తలేదు,” అంది.

నేను రాసిన రెండు పేజీల్లో ఎడమవైపు తెర మీది అక్షరాలు, కుడివైపు అత్తమ్మ మాటలు పెట్టాను. క్లాసు చెప్పే ఆయన పదికి ఎనిమిది వేశాడు. అత్తమ్మకు చెప్తే, “రెండు ఎవలు తిన్నరు?” అంది.

వారం తర్వాత ఇద్దరం పల్లీలు ఒలుస్తుంటే గుర్తొచ్చి అడిగాను, తనను కాపాడింది ఎవరో ఆ పక్కింటి ముసలామెకు తెలుసా అని.

“ఎరుక లేకేం? ఒకనాడు బావి కాడ నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. దండం పెడ్తదేమో అనుకున్న. ‘నా బర్రెను నాతోనే దొంగతనంగ పిండించినవు గదనే, ఎంత గట్టి బాణామతి చేసినవే’ అన్నది. సచ్చేదాక మళ్ల నా దిక్కు సూడలే.”

“మరి పాలు?”

“పాలెందుకు ఇడ్సిపెడ్తది,” అంది అత్తమ్మ. “తాగింది.”