చిన్న దేశం గీత

నా పదవీ విరమణకు సరిగ్గా ఏడాది ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, హైటెక్ సిటీలోని మా ఆఫీసులో నన్ను కలప విభాగానికి తనిఖీ అధికారిగా వేశారు. ఆ విభాగం పని చెప్పడానికి సులువే. రెండు దేశాలు నెలనెలా ఎంత విలువైన గట్టి కలపను, అంటే ఓక్, టేకు లాంటి చెట్ల నుంచి కోసిన చెక్కను దిగుమతి చేసుకున్నాయో ఏళ్లవారీగా పక్కపక్కన గీతలు గీసి, హెచ్చుతగ్గులకు కారణాలు రాసి వ్యాపారులకు పంపాలి. ఒకటి పెద్ద దేశం, ఒకటి చిన్నది. అందరి కళ్లూ పెద్ద దేశం మీదే ఉండేవి.

అంకెలు తెచ్చేది స్వరూప. బోరబండ నుంచి వచ్చేది. చేరి రెండేళ్లయినా ఇంకా పర్మినెంట్ కాలేదు. ఫైలు రాకముందే చిన్న దేశం గీత ఎటు పోతుందో చెప్పేది. "ఈ నెల దిగుతది సార్, వచ్చే నెల జర లేస్తది." అలాగే దిగేది, అలాగే లేచేది. మొదట్లో మావాళ్లంతా సోది చెప్తావా అని ఆటపట్టించారు. ఐదో నెలకు ఎవరూ నవ్వలేదు. ఆమె పక్కన కూర్చునే ఆయన వేరే సీటుకు మారిపోయాడు.

ఆమే అంకెలు కల్పించి పెడుతోందని మేనేజరు అనుమానం. పర్మినెంట్ కాగితం ఆపేసి, నా నివేదిక రాగానే తీసేస్తానన్నాడు.

ఆయన అలా అన్న రోజు మధ్యాహ్నం స్వరూప నా దగ్గరికి వచ్చింది. "నేనేం చెయ్యలే సార్. ఫైలు తెరవకముందే గీత కండ్ల ముంగట కనవడ్తది. నాకేమన్న అయ్యిందా? ఇంట్ల చెప్తె దవాఖానకు పొమ్మంటరు," అంది. నిజం చెప్పాలంటే నాకూ భయం వేసింది.

నాకో పాత అలవాటు. ఏ ఏడాది గీతను ఆ ఏడాది విడిగా ప్రింటు తీసి, కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనిస్తాను. చిన్న దేశం చివరి మూడేళ్లనూ అలా ఎండకు పట్టాను. మూడు కాగితాల్లో ఒక్కటే గీత కనిపించింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఏ దేశమూ మూడేళ్లు ఒకేలా కలప కొనదు.

స్వరూప చేతికి రాకముందే అంకెలను ఫైలుగా చేర్చే ప్రోగ్రాం ఒకటి ఉంది, ఆఫీసులో అన్ని విభాగాలూ వాడేది అదే; దాన్ని తెరిచి చూశాను. ఏ నెల అంకె రాకపోయినా నిరుడు అదే నెల అంకెను వేసుకోమని అందులో ఒక నియమం ఉంది. చిన్న దేశం రెండేళ్లుగా అంకెలు పంపడమే మానేసింది. స్వరూపకు కనిపించింది, తన మనసులో మిగిలిపోయిన నిరుటి గీత. నియమం కింద రాసినవాడి పేరుంది. నా పేరే. ఎప్పుడో ఒక్క నెల అంకె ఆలస్యమైతే, ఆ పూటకు గడిస్తే చాలని రాసి మరిచిపోయాను.

తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. నన్ను తనిఖీ పని నుంచి తప్పించారు. స్వరూప ఉద్యోగం నిలిచింది. నియమం తీసేయగానే తెర మీద చిన్న దేశం గీత మధ్యలో తెగి, ఆ తర్వాతంతా తెల్లగా మిగిలింది. స్వరూప దాన్ని చాలాసేపు చూసి, "ఇగ నాకేం కనవడ్తలేదు సార్," అంది.

ఆ రెండేళ్లలో అక్కడి రేవులకు ఓడలు వచ్చాయో లేదో మాకెవరికీ తెలియదు. అయినా నెలనెలా ఆ గీత ఎందుకు దిగిందో, ఎందుకు లేచిందో మేం కారణాలు రాశాం. వానలన్నాం, పండగలన్నాం. చదివినవాళ్లు నమ్మారు. తెలియని నెలను ఖాళీగా వదిలేయాలని నేను నేర్చుకున్నది అప్పుడే.